నెల్లూరు–కావలి–ఒంగోలు: 136 కిలోమీటర్ల ఫైబర్ మీద ఒక స్టార్టప్ లైన్ సిస్టమ్

జాతీయ రహదారి 16 మీద నెల్లూరు నుంచి ఒంగోలు దాదాపు 120 కిలోమీటర్లు. ఆ దారి వెంటే పాతిన ఫైబర్‌ను ఓటీడీఆర్‌తో (వెలుతురు పల్స్ పంపి పొడవు, లాస్ కొలిచే పరికరం) కొలిస్తే 136 వచ్చింది. నెల్లూరు–కావలి 62, కావలి–ఒంగోలు 74. ఒక టెలికాం ఆపరేటర్ ఈ ఫైబర్ మీద ఒక స్టార్టప్ పరికరాల్ని పరీక్షించిన కేసు ఇది. ఇందులో సగం చిక్కులు ఆ 16 కిలోమీటర్ల తేడాలోంచే పుట్టాయి.

కేబుల్ నేరుగా హైవే పట్టుకుని పోదు. ఊళ్లోకి వెళ్లి ఎక్స్ఛేంజ్‌ని చుట్టి మళ్లీ బయటికొస్తుంది. 2 కిలోమీటర్ల డ్రమ్ములతో వేసిన కేబుల్ కాబట్టి దారి పొడవునా 70 దాకా జాయింట్లు, ప్రతి జాయింట్ దగ్గరా రెండు వైపులా పది పదిహేను మీటర్ల లూప్. లూజ్ ట్యూబ్‌లో ఫైబర్ మెలి తిరిగి ఉంటుంది గనక దాని పొడవు కేబుల్ పొడవు కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువే. దానికి తోడు రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా పక్కకి మళ్లించిన ముక్కలు. మ్యాప్ మీద స్కేలు పెట్టి లింక్ డిజైన్ చేసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు.

ఆపరేటర్ దగ్గర ఈ దారిలో 10జీ చానెళ్ల పాత డీడబ్ల్యూడీఎం (ఒకే ఫైబర్‌లో వేర్వేరు రంగుల వెలుతురు పంపే పరికరం) ఉంది, ర్యాక్ నిండిపోయింది. కావలసింది ముందు రెండు 400జీ వేవ్‌లు (ఒక్కో రంగు మీద సెకనుకి 400 గిగాబిట్లు), తర్వాత పెంచుకునే చోటు. ముందున్న దారులు రెండు. ఒకటి, పేరున్న పెద్ద కంపెనీ నుంచి ట్రాన్స్‌పాండర్ (రౌటర్ డేటాని లైన్‌కి తగ్గ రంగు వెలుతురుగా మార్చే పెట్టె), యాంప్లిఫయర్, సాఫ్ట్‌వేర్ అన్నీ కలిపి కొనడం. రెండోది, మన దేశంలోనే డిజైన్ చేసే ఒక స్టార్టప్ నుంచి లైన్ సిస్టమ్ (రంగుల్ని కలిపి, విడదీసి, బలం పెంచే భాగం) మాత్రం తీసుకుని, కొహెరెంట్ ప్లగబుల్ మాడ్యూళ్లని (ట్రాన్స్‌పాండర్ పనే చేసే చిన్న మాడ్యూళ్లు) నేరుగా రౌటర్ పోర్టుల్లో పెట్టడం. రెండో దారిలో ట్రాన్స్‌పాండర్ షెల్ఫే ఉండదు. ట్రయల్ దాని మీదే జరిగింది.

స్టార్టప్ ఇచ్చింది ఇదీ: నెల్లూరు, ఒంగోలులో 64 చానెళ్ల మక్స్ (రంగుల్ని కలిపేది), డీమక్స్ (విడదీసేది), 75 గిగాహెర్ట్జ్ గ్రిడ్ (చానెళ్ల మధ్య ఎడం). రెండు చివర్లా బూస్టర్ (పంపేటప్పుడు బలం పెంచేది), ప్రీయాంప్ (అందుకునేటప్పుడు పెంచేది). కావలిలో లైన్ యాంప్లిఫయర్. వీటన్నిటినీ చూసుకునే కంట్రోలర్. ప్లగబుల్స్ వేరే తయారీదారువి, 400జెడ్‌ఆర్ రకం.

ముందు లెక్క.

ఫైబర్ జి.652డి, మామూలు సింగిల్ మోడ్ రకం. 1550 నానోమీటర్ల దగ్గర కిలోమీటరుకి 0.20 డీబీ (వెలుతురు తగ్గుదల కొలత) అని కాగితం మీద ఉంటుంది. జాయింట్లు, పాతబడడం, రిపేర్లు కలిపితే 0.25 వేసుకోవడమే మేలు. ఆ లెక్కన 62 కి.మీ.కి 15.5, 74 కి.మీ.కి 18.5 డీబీ. ఒక్కో స్పాన్‌కి (రెండు యాంప్లిఫయర్ల మధ్య ముక్క) రెండు చివర్ల ప్యాచ్ ప్యానెళ్లూ కలిపి ఒక డీబీ వేస్తే 16.5, 19.5.

మాడ్యూల్ మైనస్ 8 డీబీఎం ఇస్తుంది; 0 డీబీఎం అంటే ఒక మిల్లీవాట్ (400జెడ్‌ఆర్ స్పెక్ మైనస్ 10 నుంచి మైనస్ 6). మక్స్‌లో 6 డీబీ పోయి బూస్టర్‌కి చేరేది మైనస్ 14. అక్కడినుంచి చానెల్‌కి 0 డీబీఎం చొప్పున లైన్‌లోకి. అంటే కావలి యాంప్లిఫయర్‌కి అందేది మైనస్ 16.5, ఒంగోలు ప్రీయాంప్‌కి మైనస్ 19.5.

ఒక్కో యాంప్లిఫయర్ దగ్గర ఓఎస్‌ఎన్‌ఆర్ (నాయిస్ కన్నా సిగ్నల్ ఎన్ని డీబీ పైనుందో చెప్పే అంకె) తీసే లెక్క తేలికే. 58కి లోపలికొచ్చే చానెల్ పవర్ కలిపి, నాయిస్ ఫిగర్ (యాంప్లిఫయర్ తాను కలిపే నాయిస్ కొలత) తీసేయాలి. నాయిస్ ఫిగర్ 5.5 అనుకుంటే బూస్టర్ దగ్గర 38.5, కావలిలో 36, ఒంగోలులో 33. ఈ అంకెల్ని మామూలుగా కూడకూడదు. డీబీలోంచి విడగొట్టి, నాయిస్ కూడి, మళ్లీ డీబీకి తేవాలి. అలా చేస్తే 30.5. మాడ్యూల్ బయటికి పంపే వెలుతురులోనే కొంత నాయిస్ ఉంటుంది, దానికి 34 వేసుకుంటే చివరికి మిగిలేది 28.9. 400జెడ్‌ఆర్ రిసీవర్‌కి కావలసింది 26. చేతిలో 2.9 డీబీ.

చూడడానికి బాగానే ఉంది. కానీ ఒక్కో స్పాన్‌లో జేసీబీ దెబ్బలకి రిపేర్ జాయింట్లు పడి మరో 2 డీబీ పెరిగిందనుకోండి, ఓఎస్‌ఎన్‌ఆర్ 27.6కి దిగుతుంది, మిగిలేది 1.6. కోస్తా హైవే వెంట కేబుల్‌కి ఆ 2 డీబీ పెరగడానికి ఏళ్లూ పూళ్లూ పట్టవు. అందుకే ఈ ట్రయల్‌లో ఆమోదానికి మొదటి రోజు అంకె చూడలేదు. ప్రతి స్పాన్‌లో 2 డీబీ అటెన్యుయేటర్ (వెలుతురు తగ్గించే ముక్క) పెట్టి, ప్రీ-ఫెక్ ఎర్రర్ రేటు (సరిదిద్దకముందు తప్పు బిట్ల వాటా) ఎంతకి చేరుతుందో చూశారు. 400జెడ్‌ఆర్‌లో ఆ హద్దు 0.0125. దానికి దగ్గరగా కాదు, చాలా కిందే ఉండాలి.

అసలు పట్టు వెలుతురు బలంలో లేదు, డిస్పర్షన్‌లో (దూరం పోయేకొద్దీ పల్స్ సాగిపోవడం) ఉంది. 400జెడ్‌ఆర్‌ని ఓఐఎఫ్ అనే ఆప్టికల్ పరిశ్రమ సంస్థ 2020లో ఖరారు చేసింది. అది 120 కిలోమీటర్ల లోపు డేటా సెంటర్ లింకుల్ని మనసులో పెట్టుకుని రాసిన స్పెక్, డిస్పర్షన్ ఓర్పు 2400 పికోసెకన్లు/నానోమీటర్. జి.652డి ఫైబర్‌లో డిస్పర్షన్ అన్ని రంగులకీ ఒకటి కాదు. 1530 దగ్గర కిలోమీటరుకి 15.8 చిల్లర, 1550 దగ్గర 17, 1565 దగ్గర 17.9 దాకా. 136తో గుణించండి. 1530లో 2149. 1550లో 2312. 1565లో 2434, అంటే హద్దు దాటింది. అదే మాడ్యూల్, అదే ఫైబర్, అదే పవర్. నీలం వైపు (1530 దగ్గరి) చానెల్‌లో లింక్ లేస్తుంది, ఎరుపు చివర్లో (1565 దగ్గర) లేస్తుందన్న హామీ స్పెక్ ఇవ్వదు. కొన్ని మాడ్యూళ్లు స్పెక్ కన్నా ఎక్కువే ఓర్చుకుంటాయి నిజమే, కానీ స్పేర్‌గా వచ్చే మాడ్యూల్ కూడా అంతే ఓర్చుకుంటుందని ఎవరూ రాసివ్వరు.

ఇక్కడ తీసుకున్న నిర్ణయం: మొదటి వేవ్‌లు 1530–1545 మధ్య. పై చానెళ్లకి వెళ్లాల్సి వచ్చినప్పుడు ఓపెన్ జెడ్‌ఆర్ ప్లస్ రకం మాడ్యూళ్లు. వాటి డిస్పర్షన్ ఓర్పు ఎన్నో రెట్లు ఎక్కువ, ఓఎస్‌ఎన్‌ఆర్ అవసరం 24 డీబీయే, ఖరీదూ కరెంటూ కాస్త ఎక్కువ. ఈ మాట చానెల్ ప్లాన్ షీట్‌లో ఎర్ర అక్షరాలతో రాయించారు. రెండేళ్ల తర్వాత ఆ కుర్చీలో ఉండేది వేరేవాళ్లు.

ఫైబర్‌ని సిద్ధం చేయడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, ఒక్క చోట తప్ప. రెండు వైపులనుంచీ ఓటీడీఆర్ కొట్టి సగటు తీయాలి. ఒకవైపు ట్రేస్‌లో జాయింట్ దగ్గర లాస్ బదులు గెయిన్ కనిపిస్తే మురిసిపోకూడదు, అది రెండు ఫైబర్ల కోర్ తేడా. 1550తో పాటు 1625లోనూ కొట్టాలి. 1625లో లాస్ బాగా ఎక్కువ ఉన్న చోట ఫైబర్ ఎక్కడో నొక్కుకుపోయి వంగిందని అర్థం. కోవూరు దాటాక ఒక జాయింట్ క్లోజర్‌లో అదే దొరికింది. ట్రేలో ఫైబర్ చుట్ట మరీ బిగుతుగా చుట్టి మూత బిగించేశారు. తెరిచి చుట్ట వదులు చేస్తే సరిపోయింది, కొత్త స్ప్లైస్ అక్కర్లేకపోయింది.

ఎక్కువ చెప్పాల్సిన ఆ ఒక్క చోటు కనెక్టర్. ఒంగోలు ఎఫ్‌డీఎఫ్‌లో (ఫైబర్లు కలిపే ప్యానెల్) రెండో వేవ్ రాలేదు, లాస్ లెక్క కన్నా 4 డీబీ పైనే ఎక్కువ. క్లీనర్ పెన్‌తో తుడిచారు, ఏమీ మారలేదు. మైక్రోస్కోప్‌తో చూస్తే ఫైబర్ ముఖం శుభ్రంగానే ఉంది. తీరా చూస్తే ప్యానెల్‌లో ఆకుపచ్చ ఏపీసీ అడాప్టర్‌లోకి నీలం యూపీసీ ప్యాచ్‌కార్డ్ దూర్చారు. ఏపీసీ ముఖం 8 డిగ్రీలు ఏటవాలుగా ఉంటుంది. దానికి సమతలమైన ముఖాన్ని నొక్కితే మధ్యలో సన్నని గాలి సందు మిగిలిపోతుంది. లాసూ వస్తుంది, వెలుతురు వెనక్కీ కొడుతుంది. యాంప్లిఫయర్ల మధ్య ఆ వెనక్కి కొట్టే వెలుతురే ఎక్కువ ప్రమాదం. అన్నట్టు, తుడిచే ముందు చూడాలి, తుడిచాక మళ్లీ చూడాలి. చూడకుండా తుడిస్తే ఉన్న ఇసుక రేణువుతో గాజుని గీరినట్టే. బూస్టర్ వెలుగుతుండగా కనెక్టర్ పీకడం అసలే కూడదు.

ఇక స్టార్టప్ పెట్టెలో బయటపడ్డవి.

మొదటిది స్టార్టప్ తప్పు కాదు, కానీ నింద దాని మీదే పడింది. నెల్లూరు రౌటర్‌లో మాడ్యూల్ పెడితే గుర్తుపడుతుంది, లేజర్ వెలగదు. ఇది 15 నుంచి 20 వాట్లు తాగే మాడ్యూల్. రౌటర్ సాఫ్ట్‌వేర్ ఆ పోర్టుకి అంత కరెంటు కేటాయించకపోతే మాడ్యూల్ లో-పవర్ మోడ్‌లోనే నిద్రపోతుంది. మాడ్యూల్ మాట్లాడే సీఎంఐఎస్ (మాడ్యూల్‌కీ రౌటర్‌కీ మధ్య భాష) వెర్షన్ కూడా రౌటర్‌కి తెలియాలి. రౌటర్ సాఫ్ట్‌వేర్ మార్చి, పోర్టు పవర్ క్లాస్ పెంచాక వెలిగింది. ప్లగబుల్ తెరువులో ఇదే తలనొప్పి. ట్రాన్స్‌పాండర్ ఉన్నప్పుడు ఒకే కంపెనీని అడిగితే సరిపోయేది. ఇప్పుడు రౌటర్, మాడ్యూల్, లైన్ సిస్టమ్ మూడు ఇళ్లు. ఎవరిని అడిగినా పక్కింటి గోడ చూపిస్తారు.

రెండోది నిజంగా పెట్టెదే. యాంప్లిఫయర్లు ఫ్యాక్టరీ నుంచి కాన్‌స్టంట్ పవర్ మోడ్‌లో వచ్చాయి. మొత్తం అవుట్‌పుట్ ప్లస్ 3 డీబీఎం అని కట్టేశారు. రెండు వేవ్‌లున్నప్పుడు ఒక్కోటి 0, చక్కగా కుదిరింది. ఒక వేవ్ తీసేస్తే మిగిలినది ప్లస్ 3కి ఎగిరింది. మూడోది కలిపితే ఒక్కోటి మైనస్ 1.8కి పడింది. ఎనిమిదయ్యేసరికి ఒక్కోటి మైనస్ 6, ఓఎస్‌ఎన్‌ఆర్ మార్జిన్ ఎప్పుడో హరీ. ఇది మొదటి రోజు కనిపించని తప్పు. ఎవరో ఆరునెలల తర్వాత కొత్త వేవ్ పెడతారు, పాత వేవ్‌లో ఎర్రర్లు మొదలవుతాయి, ఫైబర్‌ని తిడతారు. గెయిన్ మోడ్‌కి (ఎన్ని డీబీ పెంచాలో కట్టేసే తీరు) మార్చి, బూస్టర్ 14, కావలి 16.5, ఒంగోలు 19.5 డీబీ అని కట్టారు. ఒక వేవ్ లేచినా పడినా పక్కది కదలకూడదు. రౌటర్ పోర్టు మూసి తెరిచి పది సార్లు చూశారు.

మూడోది, సిగ్నల్ పోయిందని ప్రీయాంప్ తేల్చుకునే గీత. ఫ్యాక్టరీ సెట్టింగ్ మైనస్ 20 డీబీఎం. రెండు వేవ్‌లుంటే ప్రీయాంప్‌కి మైనస్ 16.5 వస్తుంది, పర్లేదు. ఒకటే మిగిలితే మైనస్ 19.5, అంచున వేలాడుతుంది. ఆపై 2 డీబీ ఫైబర్ లాస్ పెరిగితే మైనస్ 21.5, యాంప్లిఫయర్ తనంతట తాను ఆరిపోయి బతికున్న వేవ్‌నీ చంపుతుంది. దీనికి ఇంజనీర్ల మొదటి ఆలోచన గీతని మైనస్ 30కి దించేయడం. అదీ తప్పే. వేవ్‌లేవీ లేకపోయినా వెనకాల యాంప్లిఫయర్ల నాయిస్ ఒక్కటే ఇక్కడికి దాదాపు మైనస్ 28 డీబీఎం దాకా వస్తుంది. గీత 30 దగ్గర ఉంటే సిగ్నల్ మొత్తం పోయినా పెట్టె ‘అంతా బాగుంది’ అంటుంది. 21.5కీ 28కీ మధ్యలో మైనస్ 25 పెట్టారు.

నాలుగోది అన్నిటికన్నా గట్టిది. ఫైబర్ తెగినప్పుడు మనుషుల కళ్లకి హాని కలగకుండా యాంప్లిఫయర్ పవర్ తగ్గించాలి, ఐటీయూ-టీ జి.664 చెప్పేది అదే. పెట్టె దాన్ని 1510 నానోమీటర్ల సూపర్‌వైజరీ చానెల్‌తో (ఓఎస్‌సీ, పెట్టెలు తమలో తాము మాట్లాడుకునే వెలుతురు) పసిగడుతోంది, అంటే ఓఎస్‌సీ పోతే ఫైబర్ తెగినట్టే లెక్క. టెస్ట్‌లో కావలి దగ్గర ఓఎస్‌సీ ఎస్‌ఎఫ్‌పీని (ఆ వెలుతురిచ్చే చిన్న మాడ్యూల్) చేత్తో పీకారు. ఫైబర్ నిక్షేపంగా ఉంది, ట్రాఫిక్ పోతోంది. అయినా యాంప్లిఫయర్ ఆరిపోయింది, రెండు 400జీలూ పడిపోయాయి. అంటే తక్కువ ఖరీదు ఎస్‌ఎఫ్‌పీ ఒకటి ఎండకి చచ్చిపోతే రెండు జిల్లా కేంద్రాల మధ్య లింక్ పోతుంది. ఉండాల్సిన తర్కం వేరు. ఓఎస్‌సీ పోవాలి, డేటా వెలుతురూ పోవాలి, రెండూ కలిసి పోతేనే తెగినట్టు. ఒక్క ఓఎస్‌సీ పోతే అలారం ఇచ్చి ఊరుకోవాలి.

స్టార్టప్ విలువ తేలింది ఇక్కడే. ఈ మార్పు కొత్త ఫర్మ్‌వేర్‌గా రోజుల్లోనే వచ్చింది, రాసిన ఇంజనీరే కావలి షెల్టర్‌లో నిలబడి ఎక్కించారు. ఇదే పెద్ద కంపెనీ అయితే టికెట్ నంబర్ వస్తుంది, ‘తర్వాతి రిలీజ్‌లో చూస్తాం’ అన్న జవాబు వస్తుంది. కానీ అదే వేగానికి రెండో ముఖం కూడా ఉంది. ఆ హడావుడి ఫర్మ్‌వేర్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ ట్రాప్‌లు (అలారం సందేశాలు) ఆగిపోయాయి, ఎన్‌ఓసీ (నెట్‌వర్క్‌ని కనిపెట్టుకునే కేంద్రం) తెర మీద ఆ పూటంతా అంతా పచ్చగానే ఉంది. అందుకని ప్రతి కొత్త ఫర్మ్‌వేర్‌కీ 40 అంశాల రిగ్రెషన్ పట్టిక (పాత పనులేవీ చెడలేదని చూసే జాబితా) తయారుచేయించి, అది స్టార్టప్ సంతకంతో వస్తేనే లైన్ మీదికి ఎక్కించాలని ఒప్పందంలో రాయించారు.

వేడి, కరెంటు సంగతి. రోహిణి కార్తెలో నెల్లూరు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. షెల్టర్ ఏసీ మధ్యాహ్నం నాలుగు గంటలు ఆపి చూశారు. ఒంగోలులో స్టార్టప్ పెట్టె మాత్రం ఏసీ ఉన్నప్పుడే వేడెక్కింది. రౌటర్లు ముందునుంచి గాలి పీల్చి వెనక్కి ఊదుతాయి, ఈ పెట్టె వెనకనుంచి పీలుస్తుంది. పక్కవాడు వదిలిన వేడి గాలే దీని ఊపిరి. ఫ్యాన్ ట్రేలు తిరగేసిన రకం తెప్పించారు. ఆర్డర్ ఫారంలో గాలి దిశ అని ఒక గడి ఉంటుంది, ఎవరూ చూడరు. తొలి లాట్‌లో పెట్టెలు ఏసీ కరెంటు (ఇళ్లలో ఉండే రకం) పవర్ సప్లైలతో వచ్చాయి, అవి ల్యాబ్‌కి పనికొస్తాయిగానీ ఎక్స్ఛేంజ్‌కి కాదు. మైనస్ 48 వోల్టులు, రెండు వేర్వేరు ఫీడ్లు కావాలి. ఫ్లోట్‌లో 54 దగ్గర ఉండే బ్యాటరీ, కరెంటు పోయి గంటలు గడిస్తే 44కి దిగుతుంది. ఆ 44 దగ్గర కూడా పెట్టె రీస్టార్ట్ అవకుండా నిలబడిందో లేదో చూశారు. ఉప్పుగాలి తగిలే కావలి, సింగరాయకొండ వైపు బోర్డులకి కన్ఫార్మల్ కోటింగ్ (తేమ తగలకుండా వేసే పూత) అడగడం మర్చిపోకూడదు. ఎర్తింగ్ లగ్గులు ఏడాదిలో పచ్చబడతాయి.

స్టార్టప్‌ని తూచేటప్పుడు అడగాల్సింది ‘మీ పెట్టె ఎంత దూరం పోతుంది’ అని కాదు. కొహెరెంట్ డీఎస్‌పీ చిప్పులు, పంప్ లేజర్లు, వేవ్‌లెంగ్త్ స్విచ్‌లు చేసేవాళ్లు ప్రపంచంలో గుప్పెడు మంది. చిన్న కంపెనీ అయినా పెద్ద కంపెనీ అయినా చాలావరకు అక్కడే కొంటాయి. వెలుతురు అందరికీ ఒకటే. తేడా బోర్డులో, కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో, రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తేవాళ్లలో ఉంటుంది. ఇంకో ప్రశ్న, ఏడేళ్ల తర్వాత ఈ కంపెనీ ఎవరి చేతిలో ఉంటుందని. ఆప్టికల్ స్టార్టప్‌ల చరిత్ర అలాంటిది. 1992లో పుట్టిన సియెనా 1996లో డీడబ్ల్యూడీఎం అమ్మి సొంత కాళ్ల మీద నిలబడింది. 2009లో మొదలైన అకేషియాని 2021లో సిస్కో కొన్నది. 2000లో పుట్టిన ఇన్ఫినెరా 2025లో నోకియాలో కలిసింది. అదే 2000లో బెంగళూరులో మొదలైన తేజస్ నెట్‌వర్క్స్ టాటా గ్రూపు చేతికొచ్చింది. కొనుక్కున్నవాళ్లు పాత పెట్టెలకి ఎన్నాళ్లు సపోర్ట్ ఇస్తారన్నది వాళ్ల ఇష్టం. అందుకే ఫర్మ్‌వేర్ సోర్స్ ఎస్క్రోలో (మూడోవాళ్ల దగ్గర భద్రంగా) పెట్టించడం, ఆఖరి కొనుగోలుకి 12 నెలల ముందు నోటీసు, కంట్రోలర్ లేకున్నా నెట్‌కాన్ఫ్‌తో (పరికరాల్ని నడిపే ప్రామాణిక ప్రోటోకాల్) పెట్టెని నడపగలగడం, ఈ మూడూ ధర మాట్లాడకముందే తేల్చుకోవాలి.

కాగితాల పని కూడా ముందే. టీఈసీ (టెలికాం ఇంజనీరింగ్ సెంటర్) వారి ఎంటీసీటీఈ (టెలికాం పరికరాలకి తప్పనిసరి పరీక్ష) సర్టిఫికెట్ కావాలి. 2021 జూన్ 15 నుంచి అమల్లో ఉన్న జాతీయ భద్రతా ఆదేశం ప్రకారం నమ్మకమైన మూలం అని పోర్టల్‌లో అనుమతి తేలాకే నెట్‌వర్క్‌లో కలపాలి. పెట్టెకి అనుమతి ఉంది కదా అని ప్లగబుల్ సంగతి వదిలేస్తే పరికరాలు గోడౌన్‌లో కూర్చుంటాయి. దేశీయ తయారీకి 2021లో 12,195 కోట్లతో వచ్చిన పీఎల్ఐ (ఉత్పత్తికి ముడిపెట్టిన ప్రోత్సాహకం) పథకం స్టార్టప్‌ల అమ్మకపు మాటల్లో బాగా వినిపిస్తుంది. అది వాళ్ల ఖాతాలోకి వెళ్లేది, ఆపరేటర్ కోట్‌లో ఎంత తగ్గిందో వేరే అడగాలి.

మిగిలిపోయిన పెద్ద పని రక్షణ దారి. కాగితం మీద రెండో దారి రైలు పట్టాల వెంట ఉంది. కానీ 2021 నవంబరు పెన్న వరదలో కోవూరు, పడుగుపాడు దగ్గర రైలు మార్గమూ హైవే రెండూ ఒకేసారి దెబ్బతిన్నాయి. పక్కపక్కనే పోయే రెండు కేబుళ్లు రెండు దారులు కావు. నిజంగా వేరైన దారి కావాలంటే పొదలకూరు మీదుగా వెళ్లి సంగం బ్యారేజీ దగ్గర పెన్న దాటి ఆత్మకూరు, పామూరు, కనిగిరి, పొదిలి చుట్టి ఒంగోలు రావాలి. అది 200 కిలోమీటర్లు దాటుతుంది. 400జెడ్‌ఆర్‌కి ఆ దారి మూసుకున్నట్టే, మొదటి రోజునుంచే జెడ్‌ఆర్ ప్లస్ కావాలి, మధ్యలో కనీసం రెండు చోట్ల యాంప్లిఫయర్లు. ఆ డిజైన్‌కి ఓటీడీఆర్ కొలతలు ఇంకా ఆత్మకూరు దాకానే వచ్చాయి.

స్పేర్లు ప్రస్తుతానికి ఇలా పంచారు. ప్లగబుల్స్ ట్యూనబుల్ గనక అన్ని చానెళ్లకీ కలిపి నెల్లూరులో ఒకటి, ఒంగోలులో ఒకటి చాలు. ఓఎస్‌సీ ఎస్‌ఎఫ్‌పీలు రెండు, ఫ్యాన్ ట్రే ఒకటి కావలి షెల్టర్‌లోనే. మనిషి లేని చోటది, నెల్లూరునుంచి కారులో గంట. పూర్తి లైన్ యాంప్లిఫయర్ కార్డు కూడా అక్కడే ఉంచుదామని మొదట అనుకున్నారు. ఉప్పుగాలిలో పెట్టెలో పడి ఉన్న కార్డు అవసరమైన రోజున పనిచేస్తుందన్న నమ్మకం లేక, దాన్ని నెల్లూరులో ఏసీ గదిలో కరెంటు ఇచ్చి వెలిగించి ఉంచారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండాల కాలం, కొత్త ఫర్మ్‌వేర్ ఏదీ లైన్ మీదికి ఎక్కించరు.